క్లెమాటిస్ పెట్టాలా, వేరే తీగ పెట్టాలా? హైదరాబాద్ బాల్కనీకి, గేటుకి, మిద్దెకి ఏది నిలబడుతుంది

ఎవరో ఫారిన్ వాళ్ళ ఇంటి గుమ్మం చుట్టూ అరచెయ్యంత ఊదారంగు పూలతో తీగ అల్లుకున్న రీల్ చూస్తారు, అది క్లెమాటిస్ అని తెలుస్తుంది, వెంటనే ఆన్‌లైన్‌లో వెతికి కార్ట్‌లో వేసేస్తారు, డబ్బులు కట్టే ముందు డౌట్ వస్తుంది, మన ఎండలకి ఇది బతుకుతుందా అని. అక్కడ ఆగిపోయిన వాళ్ళ కోసం రాస్తున్నా. ఒక్క ముక్కలో చెప్పాలంటే బతుకుతుంది, కాకపోతే కొన్ని రకాలే, కొన్ని ఇళ్ళలోనే, అది కూడా మీరు మే నెల దాటించగలిగితేనే. మీ ఇల్లు అలాంటిది కాకపోతే అదే ఊదారంగుని సగం గొడవతో ఇచ్చే తీగలు మన నర్సరీల్లో ఆల్రెడీ ఉన్నాయి, వాటినీ పక్కన పెట్టి చూద్దాం.

ముందు మీ ఇంటి సంగతి చూస్కోండి

బాల్కనీకి ఎండ వస్తుందా అని అడిగితే అందరూ "ఫుల్లు వస్తుంది" అంటారు. ఏ టైమ్‌లో వస్తుందో చెప్పండి. తూర్పు బాల్కనీ అయితే పొద్దున ఆరున్నర నుంచి పదకొండు దాకా పడి వెళ్ళిపోతుంది, అది ఏ తీగకైనా బంగారం. పడమర బాల్కనీ అయితే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దు గుంకే దాకా కొడుతుంది, గోడ, టైల్స్ వేడెక్కి రాత్రి తొమ్మిదికి కూడా చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటాయి. హైదరాబాద్‌లో మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే, రాత్రి కూడా 26 దగ్గరే ఉంటుంది. పగటి ఎండని చాలా మొక్కలు తట్టుకుంటాయి, రాత్రి కూడా చల్లబడని కుండీనే తట్టుకోలేవు. క్లెమాటిస్ పోయేది ఎక్కువగా అక్కడే.

క్లెమాటిస్ గురించి ఏ దేశం వాళ్ళని అడిగినా చెప్పే రూల్ ఒకటుంది, తల ఎండలో, కాళ్ళు నీడలో. పై తీగకి వెలుగు కావాలి, వేర్లకి చల్లదనం కావాలి. నేలలో పెడితే ఇది ఈజీ, తీగ మొదలు దగ్గర ఏవో చిన్న మొక్కలు పెట్టి కప్పేస్తే సరిపోతుంది. కుండీలో అయితే వేర్ల చుట్టూ ఉండేది మట్టి కాదు, వేడెక్కిన ప్లాస్టిక్. నల్ల కుండీ అయితే ఇంకా ఘోరం.

రెండోది, పట్టుకుని ఎక్కే తీరు. దీన్ని ఎవ్వరూ పట్టించుకోరు గానీ సగం తీగలు దీనివల్లే పాడవుతాయి. క్లెమాటిస్‌కి కాకర తీగలకుండే నులితీగలు ఉండవు, కాండం కూడా చుట్టుకోదు. ఆకు కాడే పని చేస్తుంది. లేత ఆకు కాడ దేనికైనా తగిలిందంటే ఒకట్రెండు రోజుల్లో దాని చుట్టూ మెలిక తిరిగి బిగిసిపోతుంది, తర్వాత ముదిరి తీగలా గట్టిపడుతుంది, విప్పుదామని చూస్తే కాడ విరుగుతుంది తప్ప ఊడదు. అంత చిన్న కాడ చుట్టుకోవాలంటే సపోర్ట్ సన్నగా ఉండాలి, పెన్సిల్ మందం దాటితే కష్టం. బాల్కనీ గ్రిల్ గొట్టాలు, వెదురు బొంగులు దీనికి పనికిరావు. కానీ మన దగ్గర దాదాపు ప్రతి అపార్ట్‌మెంట్‌లో పావురాల నెట్ ఉంటుంది కదా, ఆ నైలాన్ దారం దీనికి కరెక్ట్‌గా సరిపోతుంది. అదే నెట్ మీదకి రాధామనోహరం ఎక్కించారనుకోండి, రెండో ఏడాదికి నెట్ హుక్కులతో సహా కిందకి జారుతుంది.

నీళ్ళ గురించి ఎక్కువ భయపడక్కర్లేదు. బోరు నీళ్ళు హార్డ్, కుండీ అంచుకి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, నిజమే, కానీ క్లెమాటిస్ సున్నపు నేలల్లో కూడా బానే పెరిగే జాతి, కొంచెం క్షారం దానికి లెక్క కాదు. పేరుకుపోయిన ఉప్పుతోనే ఆకు అంచులు మాడతాయి. అప్పుడప్పుడు కింద నుంచి ధారగా కారేదాకా ఎక్కువ నీళ్ళు పోసి కడిగేయండి, వర్షాకాలంలో ఆ పని వానే చేస్తుంది.

ఇంకోటి, నా లెక్కలో ఇదే పెద్దది. ఎండాకాలం సెలవులకి మీరు ఊరెళ్తారా? పిల్లల స్కూల్ అవ్వగానే పది పదిహేను రోజులు తాళం వేసి వెళ్ళే ఇల్లయితే, వాచ్‌మన్ "పోస్తా సార్" అన్న మాట మీద క్లెమాటిస్ పెట్టొద్దు. టైమర్ ఉన్న డ్రిప్ పెట్టుకోగలిగితే వేరే సంగతి.

బరువు కూడా చూడండి. 15 అంగుళాల గ్రో బ్యాగ్ తడి మట్టితో 50 కిలోల దాకా తూగుతుంది. ఒకటి రెండు అయితే ఫర్వాలేదు, బాల్కనీ మొత్తం వరసగా పెట్టాలంటే అసోసియేషన్ వాళ్ళతో గొడవ ఖాయం.

ఒక్క చూపులో

| తీగ | ఏ ఎండ | కుండీలో | మన దగ్గర పూసే కాలం | సపోర్ట్ | మే నెలలో |
|---|---|---|---|---|---|
| పెద్ద పూల క్లెమాటిస్ (నెల్లీ మోజర్ లాంటివి) | పొద్దుటి ఎండ | లోతైనది కావాలి | చలికాలం చివర, వస్తే | సన్నని నెట్ | చాలా రిస్క్ |
| విటిసెల్లా రకాలు, జాక్‌మనీ | పొద్దుటి ఎండ | లోతైనది కావాలి | చలికాలం, మార్చి దాకా | సన్నని నెట్ | నీడ ఇస్తే గట్టెక్కొచ్చు |
| చిన్న తెల్ల పూల క్లెమాటిస్ | సగం రోజు ఎండ | నేలలో బెటర్ | వానలు తగ్గాక | నెట్, కంచె | తట్టుకుంటుంది |
| పెట్రియా | రోజంతా | పెద్ద కుండీ | ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ | గట్టి ఫ్రేమ్ | ఓకే |
| గార్లిక్ వైన్ | రోజంతా, సగం రోజు | బానే ఉంటుంది | చలి మొదట్లో, మళ్ళీ చలి చివర | గ్రిల్, జాలీ | ఓకే |
| రాధామనోహరం | రోజంతా | కష్టం | ఎండాకాలం నుంచి వానల దాకా | ఇనప కమాను | ఇంకా జోరు |
| శంఖుపూలు | రోజంతా | చిన్నదైనా చాలు | దాదాపు ఏడాదంతా | ఏదైనా దారం | రోజూ నీళ్ళు పోస్తే ఓకే |
| కాగితం పూలు | రోజంతా | బానే ఉంటుంది | ఎండ ఎంతుంటే అంత | మనమే కట్టాలి | పండగే |

టేబుల్ చూసి డిసైడ్ అయిపోకండి, అసలు తేడాలు కింద ఉన్నాయి.

క్లెమాటిస్‌లో ఏది? కత్తిరించే గ్రూప్ చూసి కొనండి, రంగు చూసి కాదు

క్లెమాటిస్‌లో దాదాపు 300 జాతులున్నాయి, తోట రకాలు లెక్కలేనన్ని. వాటిని తోటమాలులు మూడు గ్రూపులు చేసుకున్నారు. మొదటి గ్రూప్ కిందటేడు ముదిరిన కొమ్మల మీద పూస్తుంది. రెండో గ్రూప్ కూడా మొదటి విడత పెద్ద పూలు పాత కొమ్మల మీదే ఇస్తుంది. మూడో గ్రూప్ ఆ సీజన్లో వచ్చిన కొత్త చిగురు మీద పూస్తుంది. ఇంగ్లండ్‌లో ఇది కత్తెర ఎప్పుడు పట్టాలి అన్న విషయం మాత్రమే. హైదరాబాద్‌లో ఇది మొక్క పూస్తుందా పూయదా అన్న విషయం. ఎందుకంటే మన దగ్గర మే నెలలో పైన ఉన్న తీగ చాలాసార్లు మాడిపోతుంది, అప్పుడు పాత కొమ్మ మీద ఆధారపడే రకానికి పూయడానికి ఏం మిగలదు. కొత్త చిగురు మీద పూసే రకమైతే మొదలు బతికుంటే చాలు, వానలకి చిగురేసి మళ్ళీ మొదలుపెడుతుంది.

అందుకే రీల్స్‌లో ఎక్కువ కనిపించే నెల్లీ మోజర్, లేత గులాబీ రేకు మధ్యలో ముదురు చార ఉండేది, 1897 నుంచి ఫేమస్, అది మనకి వద్దు. రెండో గ్రూప్, పైగా గట్టి ఎండలో రంగు వెలిసిపోతుందని దాని సొంత ఊళ్ళో కూడా నీడలో పెడతారు. మొదటి గ్రూప్‌లో హిమాలయాల క్లెమాటిస్ మోంటానా ఉంది, ఇండియన్ మొక్కే కదా వస్తుందిలే అనుకోకండి, సిమ్లా వైపు కొండల చలి దానిది, సికింద్రాబాద్‌ది కాదు.

మనకి పనికొచ్చేది మూడో గ్రూప్. జాక్‌మనీ ముదురు ఊదా, ఇంగ్లండ్‌లో సర్రేలోని వోకింగ్ నర్సరీలో 1858లో సంకరం చేస్తే పుట్టింది, ఇప్పటికీ దాన్ని కొట్టే ఊదా రంగు లేదంటారు. దాని తల్లిదండ్రుల్లో ఒకటి విటిసెల్లా, దక్షిణ యూరప్ జాతి, అక్కడి ఎండాకాలానికి అలవాటు పడింది, అందుకే విటిసెల్లా రకాలన్నీ మిగతావాటి కన్నా మొండివి. ఎత్వాల్ వయొలెట్, పోలిష్ స్పిరిట్, ఎరుపు కావాలంటే మదామ్ జూలియా కొరెవాన్, ఈ పేర్లు కనిపిస్తే ఆగి చూడండి. పువ్వు రీల్స్‌లో చూసినంత పెద్దగా ఉండదు, చిన్నగా ఉంటుంది, కానీ గుత్తులుగా వస్తుంది. నన్నడిగితే పువ్వు సైజు మీద ఆశ చంపుకుంటేనే ఈ ఊళ్ళో క్లెమాటిస్ జోలికి వెళ్ళాలి.

ఇంకో దారి కూడా ఉంది, దీన్ని ఎవరూ రీల్ చెయ్యరు. చిన్న చిన్న తెల్ల పూలు నురగలా వచ్చే క్లెమాటిస్‌లు. ఒకటి తూర్పు ఆసియాది, టెర్నిఫ్లోరా, మంచి వాసన. ఇంకోటి మన దేశపుదే, క్లెమాటిస్ గౌరియానా, కనుమల్లో పొదల మీద పాకుతూ ఉంటుంది. ఈ పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్, 1780ల్లో మన సామర్లకోటలో తోట పెట్టి మొక్కలన్నిటినీ బొమ్మలు గీయించిన ఆయనే. పూలయ్యాక ప్రతి గింజకి తెల్లటి ఈకలాంటి తోక వస్తుంది, నాకైతే పువ్వు కన్నా అదే ఇష్టం. ఊదా రంగు మీద మనసున్న వాళ్ళకి ఇది ఆనదు. కానీ సైనిక్‌పురి వైపో, శామీర్‌పేట వైపో కాంపౌండ్ గోడ, కాస్త నేల ఉన్న వాళ్ళకి క్లెమాటిస్ అనే మాట నిజంగా నిలబెట్టుకునే మొక్క ఇదే. ఒకటే ఇబ్బంది, అడిగిన వెంటనే దొరకదు.

క్లెమాటిస్ పెట్టేద్దాం అనుకుంటే పని ఎంత

పెట్టే టైమ్ అక్టోబర్ చివర నుంచి నవంబర్. ఆన్‌లైన్‌లో ఏడాదంతా అమ్ముతారు, ఫిబ్రవరిలో కొంటే వేరు దిగే లోపే ఎండలు వచ్చేస్తాయి.

కుండీ వెడల్పు కన్నా లోతు ముఖ్యం, 16 అంగుళాలకి తగ్గొద్దు. మట్టి కుండీ అయితే మంచిది, ప్లాస్టిక్ అయితే బయట తెల్ల పెయింట్ వేసేయండి. ఇంకా మంచి పద్ధతి కుండీని ఇంకో పెద్ద కుండీలో పెట్టి మధ్య సందులో ఇసుక పోసి ఆ ఇసుకని తడుపుతూ ఉండటం, వేర్లకి వేడి తగలదు. ఎర్రమట్టి ఒక్కటే పోస్తే ఎండకి గడ్డ కట్టేస్తుంది, సగం ఎర్రమట్టి, మిగతా సగంలో వర్మీ కంపోస్ట్, కొంచెం కోకోపీట్, కొంచెం గరుకు ఇసుక, గుప్పెడు వేపపిండి.

మొక్క వచ్చిన బ్యాగులో ఎంత లోతున ఉందో దానికన్నా రెండు మూడు అంగుళాలు కిందకి పాతండి. మామూలుగా వేరే మొక్కలకి ఇలా చేస్తే కాండం కుళ్ళుతుంది, దీనికి మాత్రం చెయ్యాలి. మట్టిలో పూడిన కణుపుల దగ్గర మొగ్గలు దాక్కుని ఉంటాయి, పైనంతా పోయినా అక్కడి నుంచి లేస్తుంది. క్లెమాటిస్ విల్ట్ అనే ఫంగస్ రోగం ఉంది, నిన్న నిగనిగలాడిన తీగ ఈరోజు మట్టి తడిగా ఉన్నా తలవాల్చేసి నల్లబడుతుంది. వస్తే మొదలు దాకా కోసి చెత్తలో పడేయండి, కంపోస్ట్‌లో వద్దు, లోతుగా పాతినదైతే మళ్ళీ వస్తుంది. పెద్ద పూల రకాలకి ఇది ఎక్కువ, విటిసెల్లాలకి బాగా తక్కువ. జూలై, ఆగస్టుల్లో ఇలా వాలితే మాత్రం ముందు కుండీ కింద కన్నాలు మూసుకుపోయాయేమో చూడండి, మన దగ్గర ముసురు పట్టినప్పుడు వేరుకుళ్ళే ఎక్కువ అనుమానించాలి.

కత్తిరింపు విషయంలో యూట్యూబ్‌లో ఫారిన్ వాళ్ళు ఫిబ్రవరి, మార్చి అని చెప్తారు, అప్పుడే వాళ్ళకి చలి వదిలి చిగురొచ్చే టైమ్. మనకి చిగురొచ్చేది వానలు తగ్గుతుండగా. కాబట్టి సెప్టెంబర్ చివరలో, దసరాకి అటూ ఇటూ, మొదలు నుంచి అడుగు ఎత్తులో లావుగా ఉన్న మొగ్గల జతకి పైన కోసేయండి. పొటాష్ ఎక్కువున్న ఎరువు అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా, తర్వాత ఆపేయాలి.

ఇక మార్చి చివర నుంచి అసలు పరీక్ష. కుండీని ఉత్తరం వైపుకో, గోడ నీడకో జరపండి, లేదా 50 శాతం గ్రీన్ నెట్ కట్టండి. మట్టి మీద కొబ్బరి పీచో ఎండుటాకులో రెండంగుళాల మందం పరవండి. నీళ్ళు పొద్దున్నే. ఆకులు అంచుల నుంచి గోధుమరంగుకి తిరుగుతాయి, అందం పోతుంది, జూన్ దాకా చూడబుద్ధి కాదు. ఎండిపోయిందని పీకేయకండి, కాండం మొదట్లో గోటితో కొద్దిగా గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఆకు వెనక సాలెగూడులా సన్నటి బూజు కనిపిస్తే అది ఎర్రనల్లి పురుగు, నీళ్ళతో వెనక వైపు కొట్టి కడిగి, సాయంత్రం పూట లీటరుకి 5 మిల్లీ లీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆ నూనెకే ఆకు మాడుతుంది.

ఇంకో నిజం చెప్పాలి. చలిదేశాల్లో ఇది నెలల తరబడి ఆకురాల్చి నిద్రపోయి లేస్తుంది. మన జనవరిలో తెల్లవారుజామున స్వెట్టర్ వేసుకున్నా మధ్యాహ్నానికి 28 డిగ్రీలు ఉంటుంది, ఆ నిద్ర పట్టదు. అందుకే ఏటేటా ముదురుతూ పూలు పెరుగుతాయి అన్న లెక్క ఇక్కడ నడవకపోవచ్చు. తెలిసిన నర్సరీ భయ్యా ఒకాయన తేల్చేశాడు: "మేడమ్‌కి చెప్పిన సార్, చలికాలం దాక మస్తుగుంటది, ఎండలొచ్చినంక మాత్రం నాకు ఫోన్ చెయ్యొద్దు." నా సలహా కూడా అదే, చామంతిలా సీజన్ మొక్క అనుకుని కొనండి, రెండో ఏడాది లేస్తే బోనస్.

అదే అందం, తక్కువ గొడవ

పెట్రియా. క్లెమాటిస్ ఊదా మీద మనసు పడ్డ వాళ్ళకి నేను ముందు చెప్పే పేరు ఇదే. ఫిబ్రవరి, మార్చిలో అడుగు పొడవు గుత్తులు వేలాడతాయి. దగ్గరకెళ్ళి చూస్తే ప్రతి పువ్వులో రెండు పొరలుంటాయి, బయట లేత ఊదా నక్షత్రం, మధ్యలో ముదురు నీలి చిన్న పువ్వు. ఆ మధ్యది రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది, నక్షత్రం మాత్రం వారాల తరబడి ఉంటుంది, ఎందుకంటే అది పూరేకు కాదు, రక్షకపత్రం. క్లెమాటిస్‌లో మనం రేకులు అనుకునేవీ రక్షకపత్రాలే, కాగితం పూల రంగూ పువ్వుది కాదు, దాని చుట్టూ ఉన్న ఆకులది. పెట్రియా ఎండిన నక్షత్రాన్ని పైకి విసిరితే గిరగిరా తిరుగుతూ దిగుతుంది, పిల్లలున్న ఇంట్లో అదో ఆట. ఆకు ముట్టుకుంటే గరుకు కాగితంలా గీసుకుంటుంది. మైనస్ ఏంటంటే మొదటి రెండేళ్ళు కదలదు, మీకు విసుగొస్తుంది. కాండం మెల్లగా చెక్కలా ముదురుతుంది కాబట్టి పావురాల నెట్ సరిపోదు, ఇనప ఫ్రేమ్ కావాలి. అద్దె ఇల్లయితే పెట్టొద్దు, పూసేనాటికి మీరు ఇల్లు మారతారు.

గార్లిక్ వైన్. నులితీగలతో గ్రిల్‌ని తనే పట్టుకుంటుంది, కుండీలో కూడా సర్దుకుంటుంది, చలికాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఇంకోసారి ఇల్లంతా ఊదా గుత్తులే. ముదురు రంగులో విచ్చుకుని రోజులు గడిచే కొద్దీ లేతబడి తెల్లగా అయిపోతుంది, అందువల్ల ఒకే తీగ మీద మూడు షేడ్లు. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన, నలపకపోతే ఏం లేదు. అపార్ట్‌మెంట్ వాళ్ళకి, పడమర బాల్కనీ వాళ్ళకి నా ఓటు దీనికే. పూలు లేని నెలల్లో మామూలు పచ్చ తీగ, అంతే, దానికి ఒప్పుకోవాలి. పూత అయిపోగానే కత్తిరించాలి, ఆలస్యం చేస్తే వచ్చే పూత కోసేసినట్టే.

రాధామనోహరం గురించి హైదరాబాద్ వాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ, ఆ తర్వాత ఎరుపు, రాత్రి వాసన వీధి మలుపు దాకా. గేటు మీద కమానుకి దీన్ని మించింది లేదు. కానీ ఇది ఆగదు. పిలకలు వేస్తుంది, పక్కింటి డాబా ఎక్కుతుంది, కరెంటు తీగలు పట్టుకుంటుంది, ఏడాదికి రెండుసార్లు మనిషిని పెట్టి కొట్టించాలి. చలికాలంలో ఆకు రాల్చి పుల్లల కట్టలా కనిపిస్తుంది. పావురాల నెట్ మీదకి మాత్రం వద్దు, పైనే చెప్పా.

శంఖుపూలు అందరూ చిన్నచూపు చూస్తారు, పల్లెటూరి కంచె మొక్క అని. గింజ రాత్రంతా నానబెట్టి పెడితే రెండు నెలల్లో పువ్వు, నీలం కావాలంటే ఇంతకు మించిన నీలం ఏ తీగకీ లేదు, ముద్ద రకం కూడా ఉంది. శివుడికి పెట్టుకోవచ్చు, టీ చేసుకోవచ్చు. చిక్కుడు జాతి కాబట్టి నత్రజని తనే తెచ్చుకుంటుంది, యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. కాయలు ఎప్పటికప్పుడు కోసేస్తే పూత ఆగదు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు ఇంక ఆలోచించకుండా ఇదే పెట్టండి, వెళ్ళేటప్పుడు గింజలు జేబులో వేసుకుని పోవచ్చు.

కాగితం పూలకి రెండు ముక్కలు చాలు. మే ఎండలో పది రోజులు ఊరెళ్ళినా పెద్ద కుండీలో ఉంటే బతికే తీగ ఇదొక్కటే, నీళ్ళు కొంచెం తగ్గితేనే ఎక్కువ పూస్తుంది. ముళ్ళు, మనమే కట్టుకుంటూ ఎక్కించాలి.

ఎవరికి ఏది

పూజకి పూలు కావాలనుకునే వాళ్ళు క్లెమాటిస్‌ని మర్చిపోండి. మా పక్క ఫ్లాట్ ఆంటీ దాన్ని చూసి మొదట అడిగిందే అది, "దేవుడికి పెట్టొచ్చా, వాసనుందా?" పెద్ద పూల రకాలకి వాసన దాదాపు ఉండదు. వాళ్ళకి సన్నజాజి, శంఖుపూలు.

ఇంట్లో కుక్కో, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పిల్లాడో ఉంటే, క్లెమాటిస్ ఆకు, కాండం నమిలితే నోరు మండుతుంది, బొబ్బలు రావచ్చు, కోసేటప్పుడు రసం చేతికి తగిలినా కొందరికి దురద. చేతికందే ఎత్తులో వద్దు, కత్తిరించేటప్పుడు గ్లవ్స్ వేస్కోండి. గార్లిక్ వైన్, శంఖుపూలు అలాంటి ఇంట్లో తక్కువ టెన్షన్.

కోకాపేట వైపు ఇరవయ్యో అంతస్తులో ఉన్నవాళ్ళకి ఎండ కన్నా గాలి పెద్ద సమస్య. క్లెమాటిస్ కాండం మొదట్లో పుల్లలా పెళుసుగా ఉంటుంది, గాలికి ఊగి మట్టి దగ్గరే విరుగుతుంది. పెట్టాల్సిందే అంటే మొదటి అడుగున్నర ఎత్తు దాకా పుల్లకి మెత్తటి దారంతో కట్టండి. నేనైతే అక్కడ కాగితం పూలు పొట్టిగా కత్తిరించి పెంచుతా.

మిద్దె తోట వాళ్ళకి ఒక అడ్వాంటేజ్ ఉంది, కూరగాయలకి ఎలాగూ గ్రీన్ నెట్ కట్టి ఉంటారు, బీర, కాకర పందిరి నీడ ఉంటుంది. ఆ పందిరి కింద తూర్పు అంచున క్లెమాటిస్ కుండీ పెడితే వేర్లు నీడలో, చలికాలం వచ్చేసరికి పందిరి పీకేస్తారు కాబట్టి పైకి ఎండ. ఫ్లాట్ బాల్కనీలో కన్నా ఇక్కడే దానికి ఎక్కువ ఛాన్స్ అని నా నమ్మకం.

తూర్పు బాల్కనీ, మేలో ఇంట్లోనే ఉంటారు, మొక్క పోయినా గుండె పగలదు, కొత్తది ట్రై చేద్దామన్న సరదా ఉంది అంటే జాక్‌మనీయో ఎత్వాల్ వయొలెటో ధైర్యంగా తెచ్చుకోండి. పక్కనే గార్లిక్ వైన్ కూడా ఒకటి పెట్టుకుంటే ఏదో ఒకటి పూస్తుంది.

కొనేటప్పుడు

క్లెమాటిస్ గింజలు అని నీలం, పసుపు, నలుపు ఫొటోలతో ప్యాకెట్లు అమ్ముతారు, వద్దు. హైబ్రిడ్ గింజ నుంచి తల్లి రంగు రాదు, మొలవడానికే నెలలు, కొన్నిసార్లు ఏడాది పడుతుంది. "క్లెమాటిస్ బల్బ్" అని అమ్మేవాళ్ళ దగ్గర అసలే వద్దు, దీనికి దుంప ఉండదు, దారాల్లాంటి వేర్లే. నర్సరీలో అడిగితే చాలాచోట్ల నీలం థన్‌బెర్జియా చూపించి ఇదే అంటారు. థన్‌బెర్జియాకి ఒక్కో కాడకి ఒకే పెద్ద గరుకు ఆకు, పువ్వు గొట్టంలా ఉంటుంది. తోట క్లెమాటిస్‌కి ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, ఎక్కువ రకాల్లో ఒక్కో కాడకి మూడో ఐదో చిన్న ఆకులుంటాయి, కాడ ఏదో ఒక పుల్లకి మెలిక పడే ఉంటుంది. ఆ మెలిక కనిపించకపోతే డబ్బులు ఇవ్వొద్దు.

మిగతా తీగలన్నీ కడియం నుంచి లారీల్లో వచ్చేవే, ఊళ్ళో ఏ నర్సరీలోనైనా దొరుకుతాయి, నెక్లెస్ రోడ్ నర్సరీ మేళా టైమ్‌లో అయితే నాలుగు స్టాళ్ళు తిరిగి బేరం ఆడొచ్చు. పెట్రియా కొంటే మాత్రం ఒక గుత్తి పూసి ఉన్న మొక్కే తీస్కోండి, గింజ మొక్క అయితే పూతకి ఏళ్ళు పడుతుంది. క్లెమాటిస్ కొరియర్‌లో వస్తే బాక్స్ విప్పగానే పెద్ద కుండీలోకి మార్చకండి, వచ్చిన బ్యాగుతోనే వారం రోజులు నీడలో ఉంచి, కొత్త చిగురు కదిలాక మార్చండి. మొదలు నుంచి ఒకే కాండం ఉన్నదానికన్నా రెండు మూడు కాండాలు లేచినది దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అదే తీస్కోండి, ఒకటి విల్ట్‌కి పోయినా ఇంకోటి ఉంటుంది.